పదిహేనణాల మాట

"చీటీ నువ్వే పట్టుకో. నేను దూరంనుంచే సదువుత," అన్నాడు దశరథం పంతులు.

కుష్టు దవాఖాన కాగితమని తెలియగానే ఆయన చెయ్యి వెనక్కు పోయింది. బండి తోలే పోశన్న అరుగు కింద నిలబడి చీటీని రెండు చేతులా చాపి పట్టుకున్నాడు. పేరున్న పైభాగాన్ని మడిచి తుమ్మముల్లు గుచ్చింది అతని బండిలో వచ్చిన ఆడమనిషే. ఆరేళ్ళు దవాఖానలో ఉండి ఇల్లు చేరబోతున్న ఆమె, వీధి మలుపులో బండిలోనే ముసుగేసుకుని కూర్చుంది. నిజామాబాద్ స్టేషన్ బాబు చదివి పెడతాడంటే వినలేదు. "బోధన్ పంతులు నోట వస్తెనే మా ఇంట్ల చెల్లుతది," అంది. రోగం పోయిందని ఆయన అంటేనే ఆమెకు గడప, లేకుంటే లేదు.

పంతులు కొత్త చక్కెర కార్ఖానా గుమాస్తాలకు ఇంగ్లీషు నేర్పుతాడు. పాఠం చెప్పే గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"దవాఖాన డాక్టరు దొరసాని ఏం రాసింది పంతులూ? పోయినట్టేనా?"

"ఇంగ్లీషుల నమ్మకానికి మెట్లుంటయి. పర్‌హాప్స్ అంటే రూపాయిల ఎనిమిదణాలు. ప్రాబబ్లీ అంటే పన్నెండు. సర్టెన్లీ అంటే పదహారణాలు. దీంట్ల రోగం ఆల్మోస్ట్ సర్టెన్లీ పోయింది అన్నది. పదిహేను."

"ఒక్కణ తక్కువైతే ఏమైతది?"

"రోగం గా అణలనే ఉంటే? నా ఇంట్లయితే గడప తొక్కనియ్య. పిల్ల తిరిగే ఇల్లు."

చీటీ ఎవరిదని మాత్రం పంతులు అడగలేదు. ఇంత చదువుకున్న మనిషి అంత చిన్న ప్రశ్న ఎందుకు మరిచాడో ఆయనకే తెలియాలి. ఏడెనిమిదేళ్ళ పిల్ల చెంబుతో నీళ్ళు తెచ్చి దోసిట్లో పోసింది. పోశన్న తాగి, చీటీ పట్టుకుని వీధి మలుపు వైపు నడిచాడు.

బండి దగ్గరికి వచ్చేసరికి అతను అబద్ధం సిద్ధం చేసుకున్నాడు.

"పదహారణాలు పోయిందన్నడు అక్కా. ఆళ్ళ పిల్ల నీళ్ళు గూడ ఇచ్చింది."

"నీళ్ళిచ్చిన పిల్ల ఎంత పొడుగున్నది?"

"నా నడుం దాక. ఎందుకక్కా?"

 ఆమె ముసుగు చెంగుతో ముఖం తుడుచుకుంది.

"పదిహేనన్నడు. గొంతు ఈడిదాక ఇనొచ్చింది. బండి ఎనుకకు తిప్పు, దవాఖానకు పోదాం."

పోశన్న పగ్గాలు ముట్టలేదు. ఆరేళ్ళు ఎదురుచూసిన మనిషి, ఎవరో పంతులు అణాలు లెక్కబెట్టాడని వెనక్కు పోవడమేమిటి?

"గాయన మాట గాయన ఇంట్ల. నువ్వు మీ ఇంటికి పోతున్నవు. మీ ఇల్లు యాడనో చెప్పు, నేనే దింపి మీ ఇంటాయనతోని మాట్లాడుత."

ఆమె అతని చేతిలోంచి చీటీ అందుకుని, తుమ్మముల్లు తీసి, మడత విప్పి, మళ్ళీ మెల్లగా మడిచింది.

"నువ్వు నీళ్ళు తాగొచ్చిందే మా ఇల్లు, పోశన్నా."