సీసాల్లో ఊపిరి

పాత ప్రార్థనామందిరంలో ఒక శిల్పి తన కళాప్రదర్శన కోసం ఖాళీ ప్లాస్టిక్ సీసాలను పైకప్పు నుంచి తీగలతో వేలాడదీస్తోంది. చెత్తకుప్పల్లో ఏరి, కడిగి, ఆరబెట్టి, మూతలు బిగించిన సీసాలవి. చీకటి పడ్డాక తమ్ముడు ఫోన్ చేశాడు.

“ఇంకా అక్కడేనా అక్కా? బావ పోయినప్పటి నుంచి ఇల్లే మర్చిపోయావు.”

“ఇంటికెళ్లి ఎవరితో మాట్లాడాలిరా?” అంటూ ఆమె నిచ్చెన మీద నుంచి లైటు ఎత్తింది.

ఒక సీసా లోపల ఆవిరి పట్టింది. మెల్లగా విడిపోయి, మళ్లీ పట్టింది. ఎవరో నిద్రలో ఊపిరి తీసుకుంటున్నట్టుంది. చూస్తుండగానే సీసాలన్నిటికీ అలాగే పట్టింది. చిన్న చప్పుడు కూడా లేదు.

భయంతో ఆమె ఊపిరి బిగబట్టింది. సీసాల్లో ఆవిరి కూడా ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

“అక్కా, పలకవేం? ఒక్కదానివే ఉన్నావా?”

జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి.