కౌంటరు మీద టోపీ

గురువారం పొద్దున ఊనా సముద్రంలోంచి బయటికి వచ్చేసరికి ఒడ్డున కుర్చీ మీద భర్త టోపీ లేదు. సాయంత్రం మలకీ బార్లో అడుగు పెట్టేసరికి అది ఒక కొత్త మనిషి తలమీద ఉంది.

బూడిదరంగు ఉన్ని టోపీ. ముందు అంచు కాస్త వంగింది. సముద్రతీరపు ఊరు అల్బుఫైరా ఎండల్లో ఉన్ని టోపీ పెట్టుకు తిరిగినవాడు ఆమె భర్త ఫర్గస్ ఒక్కడే. ఆయన పోయాక ఆమె.

ఊనా నేరుగా ఆ కొత్త మనిషి కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఆ టోపీ నాది."

ఆయనకు అరవై దాటి ఉంటాయి. కాళ్ళ దగ్గర సూట్‌కేసు. గ్లాసులో నల్లబీరు నురగ కుదురుకునేదాకా ముట్టకుండా చూస్తూ కూర్చున్నాడు.

"మా నాన్నదమ్మా," అన్నాడు.

"కుర్చీ మీద పెట్టి నీళ్ళలోకి దిగాను. వచ్చేసరికి మాయం. లోపల పచ్చదారంతో నేనే కుట్టాను. తీసి చూపించండి."

"నన్ను దొంగనంటున్నారా?"

"చూపిస్తే అననుగా."

"నా తలను సోదా చేయడానికి మీరేమన్నా పోలీసులా? తీయను."

"జుట్టు లేదేమో పాపం, వదిలెయ్ అక్కా!" అని పక్క బల్ల నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. ఊనా నవ్వలేదు.

బార్ యజమాని మలకీ గ్లాసు తుడుస్తూ దగ్గరికి వచ్చాడు. "ఊనా, గొడవొద్దు తల్లీ. ఇంకో అరగంటలో ఆయన విమానాశ్రయం బస్సు ఎక్కేస్తాడు."

"అరగంట చాలు," అంది ఊనా.

మూలన వాయిస్తున్న ఫిడేలు ఆగింది. చెమటలు కక్కుతూ గంతులేస్తున్నవాళ్ళు కూర్చున్నారు. "తర్వాత పాడేదెవరు?" అని మలకీ అడిగాడు.

ఊనా చెయ్యెత్తింది. "నేను."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఫర్గస్ పోయినప్పటినుంచి ఆమె పాడలేదని అక్కడ అందరికీ తెలుసు. ఆమె కుర్చీ వీపు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆయన పాడే పడవవాళ్ళ పాటే పాడింది. రెండో చరణంలో గొంతు జీరపోయింది. ఆగలేదు. చివరిదాకా పాడింది.

చప్పట్లు తగ్గేదాకా ఆగి, కళ్ళు తెరిచింది.

మలకీ బార్లో పాడినవాళ్ళదే పిలిచే హక్కు. వాళ్ళు ఎవరిని పిలిస్తే వాళ్ళు పాడాలి. పాడలేకపోతే, పిలిచినవాళ్ళు అడిగిన వస్తువు తీసి కౌంటరు మీద పెట్టాలి. బార్ మూసేముందు ఎవరివి వాళ్ళకు ఇచ్చేస్తారు. ఆ సాయంత్రం అప్పటికే ఒక ఉంగరం, ఒక బెల్టు, ఒక జత చెప్పులు అక్కడ చేరాయి.

"టోపీ పెట్టుకున్న పెద్దమనిషిని పిలుస్తున్నాను," అంది ఊనా.

బారు కప్పు ఎగిరిపోయేలా కేకలు. "లే నాయనా, లే!" "గొంతు సూట్‌కేసులో పెట్టి తాళం వేశావా ఏంటి?"

ఆయన లేచి నిలబడ్డాడు. బల్ల అంచు పట్టుకున్నాడు. మొదటి మాట వచ్చింది. రెండోది రాలేదు. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అక్కడే ఆగాడు.

"ఇవాళ నావల్ల కాదు," అన్నాడు.

"వస్తువు! వస్తువు!" అని బల్లలు చరిచారు. ఆయన వాచీ విప్పబోయాడు.

"వాచీ వద్దు. టోపీ."

ఆయన వాచీ వదిలేశాడు. రెండు చేతులతో టోపీ తీశాడు. కౌంటరు మీద ఒలికిన బీరును చొక్కా చేతితో తుడిచి, ఆ పొడిచోట దాన్ని పెట్టాడు. బయట బస్సు హారను మోగింది. సూట్‌కేసు అందుకుని వెళ్ళిపోయాడు. గ్లాసులో బీరు సగం అలాగే ఉంది.

"గెలిచావు ఊనా!" అన్నారెవరో.

ఆమె టోపీ తిరగేసింది. పచ్చదారం లేదు. వేలితో అంచు చుట్టూ తడిమింది. కుట్టు విప్పిన గుర్తు కూడా లేదు. పెద్ద తలకు కుట్టిన టోపీ చిన్న తలకు ఆనేలా, అంచులోపల వార్తాపత్రిక ముక్క మడిచి పెట్టి ఉంది. విప్పింది. పోయిన నెల మరణవార్తల పేజీ.

అప్పుడే సాయంత్రం పనికి వచ్చిన గ్రాసా, నడుముకి గుడ్డ కట్టుకుంటూ కౌంటరు కిందకి వంగింది.

"ఊనమ్మా, నిన్న ఇక్కడే మర్చిపోయి వెళ్ళారు. ఎవరి చేతా పడకుండా దాచాను," అంటూ బూడిదరంగు ఉన్ని టోపీ చేతికిచ్చింది. లోపల పచ్చదారం ఉంది.

ఊనా వీధిలోకి పరుగెత్తింది. బస్సు మలుపు తిరిగిపోయింది.

బార్ మూసేముందు ఉంగరం, బెల్టు, చెప్పులు ఎవరివి వాళ్ళకు చేరాయి. టోపీ ఒకటి ఇవ్వాల్సి ఉంది. ఆయన పేరేమిటో ఎవరూ అడగలేదు.