పిచ్చుక ఒప్పుకున్న రౌండ్లు

"పిచ్చుక రౌండ్లు నేను పరిగెడతాను."

బల్ల ముందు నిలబడ్డ మనిషిని కొత్త టీచరు తలెత్తి చూసింది. నలభై దాటిన వయసు, ముందుకొచ్చిన పొట్ట, కాళ్ళకు అరిగిన తోలు చెప్పులు. ఆయనకీ పరుగుకీ ఆమడ దూరమని చూడగానే తెలిసిపోతోంది.

టీచరు ఈ బడిలో చేరి వారం కూడా కాలేదు. అయినా పిచ్చుక సంగతి చెవిన పడకుండా ఎలా ఉంటుంది? మూడో తరగతి పిల్ల. ఒక్కచోట కాలు నిలవదని బడంతా ఆ పేరుతోనే పిలిచేది. పోయిన నెల బడి గేటు ముందు ప్రమాదంలో చనిపోయింది. ఆ పిల్ల కూర్చున్న చోట ఇప్పటికీ ఎవరూ కూర్చోవడం లేదు.

ఆ ప్రాథమిక పాఠశాలలో ఏటా విరాళాల పరుగు పెడతారు. పిల్లలు ముందుగానే ఇల్లిల్లూ తిరిగి, మైదానం చుట్టూ ఎన్ని రౌండ్లు పరిగెడతారో చెప్పి వస్తారు. చెప్పినన్నీ పూర్తి చేస్తేనే డబ్బు. అందులో సగం ఊళ్ళోని పొరుగువాళ్ళకి, సగం సముద్రాల అవతల ఉన్న పొరుగువాళ్ళకి. ఈసారి బడి వెనక సందులో ఇల్లు కాలిపోయిన ఒక అవ్వకి పైకప్పు వేయించాలి. వరదలో సర్వం కొట్టుకుపోయిన ఒక దూరదేశపు బడికి బల్లలు కొనాలి.

అందరూ అయిదో పదో ఒప్పుకున్నారు. పిచ్చుక మాత్రం గొప్పకు పోయి ముప్ఫై ఒప్పుకుంది. పైగా ఆ అవ్వ దగ్గరికే వెళ్ళి, "నీ కప్పు నేను వేయిస్తాగా, ఊరికే ఏడవకు" అని మాటిచ్చి వచ్చింది.

"పిల్లలు రాలేకపోతే ఇంటివాళ్ళు పరిగెత్తొచ్చండీ. రూలు అదే" అంది టీచరు మెల్లగా.

ఆయన మైదానం చుట్టూ కట్టిన తాడు పక్కన నిలబడ్డ పిచ్చుక తల్లి వైపు చూశాడు. ఆవిడ బట్టలు కుడుతుంది. ఒక కాలు ఈడుస్తూ నడుస్తుంది. కూతురి నంబరు గుడ్డ గుప్పిట్లో నలుపుతూ చాలాసేపు నేలచూపులు చూసింది. చివరికి తలూపి, ఆ గుడ్డను బల్ల మీద పెట్టింది. ఆయన చేతికి మాత్రం ఇవ్వలేదు.

బిడ్డ పోయాక ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోతున్నారు, పాపం, అనుకుంది టీచరు.

ఆయన నంబరు తగిలించుకుని మైదానంలోకి దిగగానే అక్కడి గోలంతా సద్దుమణిగింది. ఆయా ఊడ్చే చీపురు ఆపేసింది. డ్రిల్లు మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని, ఊదడం మర్చిపోయాడు.

రెండు రౌండ్లకే ఆయనకి రొప్పు వచ్చేసింది. చెప్పులు విప్పి గట్టు మీదికి విసిరేసి మళ్ళీ పరిగెత్తాడు. పిల్లలంతా తమ రౌండ్లు ముగించి ఇళ్ళకు బయలుదేరారు. ఒకటో తరగతి బుడత ఒకతి మాత్రం తాడు దగ్గర ఆగి, "నడిచినా లెక్కేలే అంకుల్!" అని ధైర్యం చెప్పింది. ఆయన నవ్వబోయి, ఏడ్చేశాడు.

డ్రిల్లు మాస్టారు పక్కనే నడుస్తూ అన్నాడు. "ఇక చాలయ్యా. ఇలా చేస్తే ఆ పిల్ల తిరిగొస్తుందా?"

"రాదు మాస్టారూ. కానీ అవ్వకి మాటిచ్చిందంట కదా."

టీచరు ఇంక చూడలేకపోయింది. పిచ్చుక తల్లి దగ్గరికెళ్ళి, "మిగిలినవి నేను రాసేసుకుంటానమ్మా. ఎవరడుగుతారు?" అంది గొంతు తగ్గించి.

"వద్దండీ. మా పిల్ల ఆటలో కూడా దొంగలెక్క ఒప్పుకునేది కాదు."

ఆఖరి రౌండు సగంలో ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. లేవబోయాడు, కాళ్ళు మాట వినలేదు. డ్రిల్లు మాస్టారు అడుగు ముందుకేసి, ఎందుకో ఆగిపోయాడు.

పిచ్చుక తల్లి తాడు కిందుగా వంగి మైదానంలోకి వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ అంత దూరమూ నడిచి, ఆయన ముందు నిలబడింది. చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి అందుకోలేదు. తల వంచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆవిడే వంగి, మోచెయ్యి పట్టుకుని లేవదీసింది. ఇద్దరూ కుంటుకుంటూ ఆ కాస్త దూరమూ పూర్తి చేశారు.

గీత దాటగానే ఆయన మట్టిలో చతికిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అవ్వకి కప్పు వచ్చినట్టే. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

టీచరు కళ్ళు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "మీవారిని ఇంటికి తీసుకెళ్ళండమ్మా. ఇలాంటి నాన్న ఎంతమందికి ఉంటారు!"

"మావారు ఆ రోజు పట్టిన మంచం ఇంకా దిగలేదు టీచర్, మా పిచ్చుకని గుద్దిన వ్యాను నడిపింది ఈయనే."