వెనక్కి తిరిగిన పాదాలు

"నా దయ్యం కాళ్ళు ఎవరు తిప్పేశారు?" ఫౌజియా అరుపుకి గుణదలలోని ఆ కంప్యూటర్ గేమ్‌ల ఆఫీసు ఉలిక్కిపడింది.

"నేనేనండీ," అన్నాడు పక్క సీటు పాల్. "మడమలు ముందుకి పెట్టేశారు కదా. పొరపాటనుకుని సరిచేశాను."

"దయ్యానికి పాదాలు వెనక్కే ఉంటాయి పాల్! ఉయ్యూరులో మీ అమ్మమ్మ చెప్పలేదా?"

"మొదలెట్టేదండీ. చర్చికెళ్ళే ఇంట్లో దయ్యాల గోలేంటని తాతయ్య కసిరితే సగంలో ఆపేసేది."

ఫౌజియా మౌస్ లాక్కుని పాదాలు మళ్ళీ వెనక్కి తిప్పింది. "ఇప్పుడు ఆడు."

డబ్బా మానిటర్ మీద దయ్యం ఏటి లంక ఇసుకలో పరుగెత్తి రెల్లు దుబ్బుల చాటున ఎటో మాయమైంది, ఇసుకలో అడుగులే మిగిలాయి. పాల్ ఆడిస్తున్న వీరుడు కత్తి దూసి, ఆ అడుగుల వేళ్ళు చూపిన వైపే పరుగెత్తాడు. ఏటి ఒడ్డు దాకా వెళ్ళినా దయ్యం జాడే లేదు. వెనక్కి తిరిగితే, దూరంగా అవతలి దుబ్బుల్లో కనిపించింది.

"ఏంటండీ ఇది! అడుగులు ఇటు చూపిస్తుంటే ఆవిడ అటు పోయింది!"

నవ్వబోయిన ఫౌజియా ఆగిపోయింది. చిన్నప్పుడు ఆ పాదాలు తలుచుకుని ఎన్నిసార్లు దుప్పటి ముసుగేసుకుందో! అవి ఎందుకలా ఉంటాయని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"మనల్ని తరమడానికైతే అలాంటి కాళ్ళెందుకు పాల్? మనం వెంటపడితే దొరక్కుండా పోవడానికే. పాపం, మనమంటేనే దానికి భయం."

పాల్ తెర మీది కత్తిని ఒరలో పెట్టించాడు. "అయితే ఈ కోరలు?"

"పీకెయ్. వాటి బదులు చెప్పులు చెయ్యి, ఇసుక కాలుతుంది. ఈసారన్నా ముందేదో వెనకేదో చూసుకుని తొడుగు!"