బాయిలర్ గదిలో ఆంటీ

ఫిబ్రవరి తొమ్మిది. మెంతికూర పప్పూ వడియాలూ తిని పద్మనాభం చేయి కడుక్కుంటుండగా ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ మళ్లీ ఆగిపోయింది. న్యూజెర్సీ చలి వంటింట్లోకి పాకింది. కాసేపటికి వేడి తిరిగొచ్చింది.

బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న రష్మి పైకి వచ్చింది. "రీసెట్ చేశానంకుల్. బటన్ నొక్కి పట్టుకోవాలట, ఆంటీ చూపించారు."

"ఏ ఆంటీ అమ్మా?"

"మీ ఇంట్లో ఆంటీనే! ఎర్ర స్వెటర్, పెద్ద బొట్టు. మిమ్మల్ని పిలవొద్దన్నారు. మెట్లు దిగితే మీకు మోకాళ్ల నొప్పులటగా."

అతని భార్య విజయశ్రీ పోయి మూడేళ్లయింది. రష్మి వచ్చింది మొన్న దసరాకి.

తన మోకాళ్లను ఆమె ఇంకా మర్చిపోనందుకు అతని కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే కడుపు మండింది. భర్తకు కలలోనైనా కనిపించని మనిషి, అద్దెకొచ్చిన పిల్లతో కబుర్లాడుతోందా?

బాయిలర్ మళ్లీ ఆగింది. రష్మి కదలబోయింది.

"నువ్వుండు," అని రెయిలింగ్ పట్టుకుని తనే బేస్‌మెంట్ మెట్లు దిగసాగాడు. కింద బాయిలర్ గది తలుపు ఓరగా తీసి ఉంది.

"వచ్చావా రష్మీ?" లోపల విజయశ్రీ గొంతు, నవ్వుతూ.

"నేను, విజయా."

నవ్వు ఆగిపోయింది. బాయిలర్ భగ్గున వెలిగింది. గొట్టాలు వేడెక్కి టిక్కుటిక్కుమన్నాయి. అతను ఇంకో మెట్టు దిగేలోగా, పడుకునే వేళయినట్టు, లోపలి మనిషి తలుపు మెల్లగా దగ్గరగా వేసి గడియ పెట్టుకుంది.