కంచె అవతలి మోత

రొహేలియో కొమ్ములు కొట్టడం మొదలుపెట్టాడు.

రెండు పోతుదుప్పులు కుమ్ముకుంటున్నట్టు వినిపించాలి. అది విని మూడోది చూడ్డానికి రావాలి. టెక్సస్ దక్షిణాన చలికాలం వేటంటే అంతే.

రొహేలియోవి శాన్ ఆంటోనియోలో కొన్న ప్లాస్టిక్ కొమ్ములు. దుప్పి రాలేదు సరికదా, ముళ్ళకంపలో పిట్ట కూడా కదల్లేదు.

"అదేం మోతరా, గిన్నెలు తోముతున్నట్టు," అన్నాడు తండ్రి ఎలిసేయో. చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళో తుపాకీ, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు.

"మరెలా కొట్టమంటావు?"

"ముందా ప్లాస్టిక్ అవతల పారెయ్. నిజం కొమ్ములు తే. అవీ ఈ ఏడు రాలినవి. ఎండకి పాలిపోయినవి మోగవు. మొదట మెల్లగా రాపాడించు. తర్వాత ఢీకొట్టు. తర్వాత ఊరుకో. ఆ ఊరుకోవడమే నీకు చేతకాదు."

వచ్చే వేటకాలం ఈయన చూడడని డాక్టరు చెప్పేశాడు. కంచె పక్కనున్న మాటుకి తీసుకుపొమ్మని తండ్రి అడిగాడు. ఒక్క మంచి పోతు ఆయన తుపాకీకి పడితే చాలని కొడుకు ఏసీలు బాగుచేసే పనికి సెలవు పెట్టి వచ్చాడు.

అప్పుడే కంచె అవతల మోత మొదలైంది.

మెల్లగా రాపిడి. ఠంగుమని ఢీ. తర్వాత ఏమీ లేదు.

అచ్చం దుప్పులే, కానీ తండ్రి చెప్పిన వరుసలోనే.

"ఎవడు నాన్నా వాడు?"

ఎలిసేయో కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడూ అదే మోత. ఆ మర్నాడూ అంతే. ప్రతిసారీ ఆయన కళ్ళు మూసుకోవడమే.

రొహేలియోకి ఒళ్ళు మండింది. ఇటు రావలసిన దుప్పిని ఎవడో లాక్కుపోతున్నాడు, పాపం నాన్న అది భరించలేకపోతున్నాడు.

మధ్యాహ్నం తండ్రి కునుకు తీస్తుంటే కంచె దగ్గరికి నడిచాడు.

అవతల ఒక ముసలాయన స్తంభానికి ఆనుకుని, మొక్కజొన్న ఆకులో చుట్టి ఉడికించిన తమాలే తింటున్నాడు. గడ్డి టోపీ, మెడలో తాడుకి జత కొమ్ములు.

"ఏం పెద్దాయనా, నీకు వేరే చోటే దొరకలేదా?"

ముసలాయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. రొహేలియో మొహంలోకి చాలాసేపు చూశాడు.

"ఎలిసేయో కొడుకువా?"

"అయితే?"

"ఆ గిన్నెల మోత నీదన్నమాట. ఆయనది కాదనుకుంటూనే ఉన్నాను. ఎలా ఉన్నాడు?"

"నీ ధర్మమా అని బ్రహ్మాండంగా ఉన్నాడు. పోయేలోపు ఒక్క దుప్పిని కొడదామని కూర్చుంటే, నువ్వు ఇక్కణ్ణుంచి వాటిని పిలుచుకుపోతున్నావు."

"పోయేలోపా?"

ముసలాయన చేతిలోని తమాలేని మళ్ళీ ఆకులో చుట్టాడు.

"నా మోత ఆయనకి వినిపిస్తుందా బాబూ?"

"చెవులు భేషుగ్గా ఉన్నాయి. అదే మా ఖర్మ. నువ్వు మొదలెట్టగానే భరించలేక కళ్ళు మూసుకుంటాడు."

"భరించలేనని ఆయనన్నాడా?"

"అనాలా? మా నాన్న మొహం నాకు తెలీదా?"

ముసలాయన మెడలోంచి తాడు తీసేశాడు.

"అంతేలే," అన్నాడు. "ఆయనతో చెప్పు... వద్దులే, ఏం చెప్పకు."

కంపలోకి నడిచి వెళ్ళిపోయాడు. అతని దగ్గర తుపాకీ లేదని రొహేలియో అప్పుడు గమనించాడు. తుపాకీ లేకుండా ఇదేం వేటరా అని నవ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున అవతల చప్పుడు లేదు.

రొహేలియో కొట్టంలోంచి నిజం కొమ్ములు వెతికి తెచ్చాడు. తండ్రి చెప్పినట్టే రాపాడించాడు, ఢీకొట్టాడు, ఊరుకున్నాడు.

వచ్చింది. మెడ లావెక్కిన పెద్ద పోతు, సరిగ్గా మాటు ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాన్నా, కొట్టు," గుసగుసలాడాడు.

ఎలిసేయో దుప్పిని చూడ్డంలేదు. మొహం కంచె వైపు తిప్పి ఉంది.

"ఉండరా. విననీ."

పోతు కాసేపు చూసి, తోకెత్తి వెళ్ళిపోయింది.

"అవతల మోత లేదేం ఇవాళ?" అడిగాడు తండ్రి.

"వాడా? నేనే పంపించేశాను నాన్నా. ఇక రాడు."

"ఏమన్నావు?"

అన్నదంతా చెప్పాడు. శభాష్ అంటాడనుకున్నాడు.

ఎలిసేయో కొడుకు చేతిమీద చెయ్యి వేశాడు.

"ఇంటికి పోదాం పదరా. చలేస్తోంది."

ఎండ బాగానే ఉంది.

మళ్ళీ ఆయన మాటుకి వెళ్దామనలేదు. ఆ వారం దాటకుండానే పోయాడు. పూడ్చిపెట్టే రోజు శ్మశానం గేటు బయట, దూరంగా, గడ్డి టోపీ చేత్తో పట్టుకుని ముసలాయన నిలబడ్డాడు. ఇక్కడికీ వచ్చాడా అని రొహేలియో మొహం తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక తండ్రి తుపాకీ తుడిచి పెడదామని తెరిచాడు. లోపల ఖాళీ. ఆయన కోటు జేబులు వెతికాడు. అక్కడా ఏమీ లేదు.

"అమ్మా, ఇందులో తూటాలే లేవు."

తల్లి అంపారో ఆయన చొక్కాలు మడతపెడుతోంది. తలెత్తలేదు.

"ఆయన తూటాలు పెట్టడం మానేసి ఎన్నేళ్ళయిందో."

"మరి ఏటేటా ఆ మాటుకి ఎందుకెళ్ళేవాడు?"

"వినడానికి. ఈ ఏడు నీకూ వినిపించే ఉంటుందే."

రొహేలియో తుపాకీ పక్కన పెట్టాడు.

"ఏం వినడానికమ్మా?"

"నువ్వు పుట్టకముందు అన్నదమ్ములిద్దరూ పొలం పంచుకుని కంచె వేసుకున్నారు, అప్పట్నుంచీ ఆ ఇద్దరికీ మాటల్లేవు," అంది అంపారో, చొక్కా చేతులు సరిచేస్తూ. "ఏటా ఈ రోజులొస్తే మీ బాబాయి అవతల కూర్చుని కొమ్ములు కొట్టేవాడు, చేతులు ఆడినన్నాళ్ళూ ఈయనా బదులు కొట్టాడు, ఆడకపోయాక కళ్ళు మూసుకుని వినేవాడు."