బయటి గొళ్ళెం

తెచ్చి పెంచుతున్న పిల్ల కోసం వచ్చినవాళ్ళు తన చంటిబిడ్డను కూడా నరుకుతారేమోనన్నదే అరుణకుమారి భయం. ఫ్యాక్షన్‌లో అమ్మానాన్నలను పోగొట్టుకున్న తొమ్మిదేళ్ళ సులోచనను పాస్టరు ఆమెకు అప్పగించి నెలయింది.

ఒక మధ్యాహ్నం వీధిలోకి జీపు వచ్చింది. సులోచన బయటికి పరుగెత్తి, తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

“ఏంజేస్తాండావే? తలుపు తీయి.”

“బిడ్డ ఏడవకుండా చూడక్కా. ఆ పొద్దు మాయమ్మ కూడా నన్ను లోపలేసి, గొళ్ళెం పెట్టి, ఇట్లనే నిలబడింది.”

“నువ్వు లోపలికి రా.”

“నేనొక్కదాన్ని దొరికితే సాలు, మీ జోలికి రారు.”

చంకలో బిడ్డ ఉండగానే అరుణకుమారి కిటికీలోంచి అరిచింది. “నా బిడ్డ బయటుంది, ఎవరన్నా రాండి.”

జీపు మైకులో ఓట్లడుగుతూ వెళ్ళిపోయింది.

ఎన్నికలకు ఇంకా పది రోజులున్నాయి, జీపులు వస్తూనే ఉంటాయి. జమ్మలమడుగులో చర్చి వీధిన పోయేవాళ్ళు, ఆ పిల్ల తలుపుకు ఏ పక్కనుందో ఒకసారి చూసి పోండి.